తిన్నది ఒంటికి పట్టే దారి

బిస్కెట్ ప్యాకెట్ వెనకా, పాలపొడి డబ్బా మీదా ఒక అంకె అచ్చువేసి ఉంటుంది: వంద గ్రాములకు ఇన్ని కేలరీలు అని. అది ఆ తిండికే ఉన్న గుణమని అనుకుంటాం. ఆ అంకె పుట్టిన తీరు చూస్తే అందులో తిండితో పాటు మనిషి పేగు కూడా ఉందని తెలుస్తుంది. 1890లలో అమెరికాలోని మిడిల్‌టౌన్ పట్నంలో, వెస్లియన్ విశ్వవిద్యాలయంలో, విల్బర్ ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆరోగ్యవంతులకు తూచి తిండి పెట్టాడు. ఆ తిండి మచ్చును ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రలో కాల్చి ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. తర్వాత వాళ్ల మలాన్ని ఎండబెట్టి దాన్నీ అలాగే కాల్చి కొలిచాడు. మూత్రంలో పోయేదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. మామూలు మిశ్రమ భోజనంలో పిండిపదార్థాలు నూటికి 97 పాళ్లు, కొవ్వులు 95, ప్రోటీన్లు 92 పాళ్లు ఒంట్లోకి చేరుతున్నాయని తేల్చాడు. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, కొవ్వుకు 9, ప్రోటీన్‌కు 4 అన్న లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. ప్యాకెట్ల మీద నేటికీ నడుస్తున్నది అదే.

తినే మనిషి పేగు ఆరోగ్యంగా ఉండాలన్న షరతు ఆ లెక్కలో చెప్పకుండానే కలిసి ఉంది. పేగును పట్టుకునే క్రోన్స్ వ్యాధి ఉన్నవాళ్ల దగ్గర ఆ షరతు చెల్లదు.

ఈ జబ్బు ఎక్కువగా చదువుల వయసులోనో, ఉద్యోగంలో చేరిన కొత్తలోనో బయటపడుతుంది. కడుపునొప్పి, విరేచనాలు, సాయంత్రానికి సన్నగా జ్వరం, కొద్ది నెలల్లోనే బట్టలన్నీ వదులు. అప్పుడు చుట్టుపక్కల వినబడేవి రెండే మాటలు. సరిగ్గా తినడం లేదు అన్నది ఒకటి. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు అన్నది రెండోది. మొదటిది నింద, రెండోది నిట్టూర్పు. రెండింటిలోనూ నిజం ఉంది గానీ, ఏ మనిషిలో ఏది ఎంత నిజమో తేలకుండా ఇంకో ముద్ద, ఇంకో చెంచా నెయ్యి అంటూ పోతే ఆ మనిషికి బాధే తప్ప బరువు రాదు. కేలరీలు ఎక్కడ జారిపోతున్నాయో ముందు కనిపెట్టాలి.

పేగు నుంచే మొదలుపెడదాం. బతికున్న మనిషిలో చిన్నపేగు సుమారు 3 నుంచి 5 మీటర్లు. దాని లోపలి పొర ముడతలు ముడతలుగా, ఆ ముడతల మీద నూగులాంటి చూషకాలతో, వాటి మీద మళ్లీ కంటికి కనబడని నూగుతో ఉంటుంది. ఇదంతా సాపు చేసి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు హెలాండర్, ఫాండ్రిక్స్ మళ్లీ కొలిచి, నోటి నుంచి కింది దాకా మొత్తం కలిపి సగటున 32 చదరపు మీటర్లేనని తేల్చారు. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం కన్నా తక్కువ. తగ్గినా అది పెద్ద జాగానే. ఆరోగ్యవంతుడికి అవసరానికి మించి ఉంది. అందుకే కొన్ని సెంటీమీటర్ల పేగు చెడినంత మాత్రాన అందరూ చిక్కిపోరు.

ఈ పేగు అంతటా ఒకే పని జరగదు. పై భాగాన్ని జెజునమ్ అంటారు. అన్నం, పప్పు, నూనెల్లోని శక్తిలో ఎక్కువ భాగం అక్కడే లోపలికి వెళ్లిపోతుంది. కింది భాగం ఇలియమ్. దానికి రెండు ప్రత్యేకమైన పనులున్నాయి: విటమిన్ బి12ను పీల్చుకోవడం, పైత్యరసంలోని లవణాలను తిరిగి పట్టుకోవడం. దాని చివరి భాగం పోతే ఈ పనులకు పేగులో మరో చోటు ముందుకు రాదు. క్రోన్స్ వ్యాధి ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా ఆ చివరి భాగాన్నే. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 14 మంది రోగులను గురించి ప్రచురించిన వ్యాసంలో ఈ జబ్బును ఇలియమ్ చివరి భాగానికి వచ్చే జబ్బుగానే వర్ణించారు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చని తర్వాత తెలిసింది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పేగు గోడ మీద ఆగకుండా పోరాడుతుంటుంది. గోడ ఉబ్బుతుంది, పుండ్లు పడుతుంది, మచ్చలు కట్టి ఇరుకవుతుంది, కొన్నిసార్లు తూట్లు పడి పక్క అవయవాలకు దారులు పుడతాయి. మాట సులువు కోసం ఈ స్థితినంతా వాపు అంటాను.

బి12 సంగతి త్వరగా ముగించవచ్చు. ఇలియమ్ చివరి భాగం 60 సెంటీమీటర్లకు మించి కోసి తీసేస్తే ఈ విటమిన్ ఇక తిండి ద్వారా సరిపడా అందదని అనుకోవాల్సిందే. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే కనబడదు. ఆపరేషన్ అయిన మూడు నాలుగేళ్లకు అరికాళ్ల తిమ్మిరిగానో, రక్తహీనతగానో బయటపడి, ఆ పాత ఆపరేషన్‌కూ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. క్రమం తప్పకుండా సూది వేయించుకుంటే సరిపోతుంది.

పైత్యరసం సంగతి మాత్రం నిదానంగా చూడాలి, బరువు లెక్కలో చాలా చిక్కులు అక్కడే ఉన్నాయి. జిడ్డు గిన్నెకు సబ్బు ఎలాగో, కడుపులో పడిన నెయ్యికీ నూనెకూ పైత్య లవణాలు అలాగ. కొవ్వును నీటిలో కలిసేంత చిన్న తునకలుగా అవే విడగొడతాయి. శరీరం దగ్గర ఉండే మొత్తం పైత్య లవణాలు కొద్ది గ్రాములే. వాటితోనే రోజంతా గడవాలి కాబట్టి వాడినవాటిని ఇలియమ్ పట్టుకుని రక్తం ద్వారా కాలేయానికి తిరిగి పంపుతుంది. నూటికి 95 పాళ్లు ఇలా వెనక్కి వస్తాయి. రోజులో అవే లవణాలు ఆరేడు సార్లు తిరుగుతాయి. చేజారిన అర గ్రామును కాలేయం కొత్తగా తయారుచేస్తుంది.

ఇలియమ్ వాచినా, కొంత కోసినా లవణాలు జారి పెద్దపేగులో పడతాయి. అక్కడ అవి నీటిని ఊరిస్తాయి. తిన్న కాసేపటికే నీళ్ల విరేచనం. జబ్బు తిరగబెట్టిందని మనిషి భయపడతాడు, వాపును అణచే స్టెరాయిడ్లు పెంచమంటాడు. వాపు లేకుండా కేవలం ఈ లవణాల వల్లే విరేచనాలు అవుతూ ఉండవచ్చు. లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమీన్ పొడి ఇస్తే కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. అదే, కోసిన పేగు సుమారు ఒక మీటరు దాటితే కథ మారుతుంది. పోయినంత లవణాన్ని కాలేయం తయారు చేయలేకపోతుంది, కొవ్వు కరగదు, మలం నూనె తేలుతూ, జిగటగా, నీళ్లు పోసినా పోకుండా ఉంటుంది. ఇప్పుడు అదే పొడి ఇస్తే మిగిలిన కాస్త లవణమూ చిక్కుకుపోయి కొవ్వు నష్టం ఇంకా పెరుగుతుంది. బయటికి ఒకేలా కనిపించే రెండు విరేచనాలకు వైద్యం ఎదురెదురుగా ఉంటుంది. అందుకే ఆపరేషన్ చేసిన సర్జన్ ఎన్ని సెంటీమీటర్లు తీశారో, ఎంత మిగిలిందో రాసి ఇచ్చిన కాగితాన్ని భద్రంగా దాచుకోమని ప్రతి రోగికీ చెబుతాను. పదేళ్ల తర్వాత కూడా దానితో పని పడుతుంది.

రోజుకు 100 గ్రాముల కొవ్వు తినే మనిషి మలంలో మామూలుగా 7 గ్రాములకు మించి పోదు. 30 గ్రాములు పోతున్నాయనుకోండి. అదనంగా పోయింది దాదాపు 23 గ్రాములు, అంటే 200 కేలరీల పైమాటే. చూడ్డానికి చిన్న లోటు. నెల రోజులు పూడ్చకుండా ఉంటే మొదట్లో ముప్పాతిక కిలో తగ్గుతుంది. ఏడాది ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు. ఇలాంటి మనిషికి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి పోస్తే అది లోపలికి వెళ్లకపోగా ఇంకో హాని చేస్తుంది. అరగని కొవ్వు పేగులోని కాల్షియంను పట్టేసుకుంటుంది. మామూలుగా ఆ కాల్షియం ఆకుకూరల్లోని ఆక్సలేట్‌తో కలిసి మలంలో పోతుంది. కాల్షియం దొరక్క ఒంటరిగా మిగిలిన ఆక్సలేట్ పెద్దపేగు గుండా రక్తంలో చేరి మూత్రపిండాల్లో రాళ్లవుతుంది. పాలకూర, తోటకూర రోజూ తినడం మంచిదని నేర్చుకున్న ఇంట్లో ఈ మాట వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. కొవ్వు అరగక, పెద్దపేగు మిగిలి ఉన్న క్రోన్స్ రోగికి మాత్రం ఆక్సలేట్ ఎక్కువున్న ఆకుకూరలు తగ్గించి, భోజనంతో పాటు కాల్షియం ఇవ్వడమే సరైన వైద్యం.

కొవ్వు అరగనివాళ్లకు మధ్యస్థ గొలుసు కొవ్వులతో చేసిన నూనె ఒకటి మందుల షాపుల్లో దొరుకుతుంది. దానికి పైత్యరసంతో అంతగా పని లేదు, నేరుగా కాలేయానికి వెళ్లే రక్తంలో కలుస్తుంది. కొబ్బరినూనె కూడా అలాంటిదేనని ఫోన్లలో సందేశాలు తిరుగుతున్నాయి. కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం చాలావరకు మామూలు కొవ్వుల దారినే పోతుంది. నిజంగా నేరుగా వెళ్లే, అంతకన్నా పొట్టి గొలుసులు అందులో కొద్దిపాళ్లే. రెండూ ఒకటని నమ్మి ఖర్చు తగ్గించుకోబోతే కేలరీలు తగ్గుతాయి.

ఇంతవరకు చెప్పింది ఒంటికి పట్టకపోవడం గురించి. జబ్బు రేగి ఉన్నప్పుడు తగ్గే బరువులో ఎక్కువ భాగానికి మాత్రం కారణం ఇది కాదు. 1994లో ఫ్రాన్స్ వైద్యులు బరువు తగ్గుతున్న క్రోన్స్ రోగులను పరీక్షించి, స్పష్టమైన శోషణ లోపం లేనివాళ్లను ఎంచుకుని చూశారు. వాళ్లు తింటున్నదే తగ్గిపోయింది. ఆకలి చచ్చిపోవడం, తింటే నొప్పి వస్తుందన్న భయం, అది తినకు ఇది తినకు అన్న పథ్యాలు, ఇవన్నీ కలిశాయి. 2006లో ఇజ్రాయెల్ వైద్యులు మరో గుంపును తీసుకున్నారు: జబ్బు అణిగి ఉన్నా బరువు పెరగనివాళ్లు. ఆట్‌వాటర్ చేసినట్టే వాళ్ల మలాన్ని కాల్చి కేలరీలు కొలిచారు. సన్నగా ఉన్నవాళ్లూ మామూలు బరువున్నవాళ్లూ తింటున్నది పోల్చదగినంతే. సన్నగా ఉన్నవాళ్ల మలంలో ఎక్కువ శక్తి పోతోంది. ఈ రెండు పరిశోధనలూ చిన్నవే. ఒకదాన్నొకటి కాదంటున్నట్టు కనిపిస్తాయి గానీ, నాకు అవి ఒకే జబ్బులోని రెండు కాలాలను చూపిస్తున్నాయి. రేగినప్పుడు నోటి దగ్గరా, అణిగినప్పుడు పేగు దగ్గరా లోటు పడుతుంది.

నోటి దగ్గర పడే లోటు రోగి ఇష్టాయిష్టాల సంగతి కాదని చెప్పడానికి ఒక పరిశోధన కథ ఉంది. నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి సోకిన పశువులు ఆఫ్రికాలో ఎముకల గూళ్లయి చనిపోతుంటాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథనీ సెరామీ ఈ పరాన్నజీవిని కుందేళ్లకు ఎక్కించి చూశాడు. ఒంట్లో పరాన్నజీవులు కొద్దిగానే ఉన్నా కుందేళ్లు చిక్కిపోయాయి. వాటి కండను తింటున్నది పరాన్నజీవి కాదు, దాన్ని ఎదిరించడానికి ఒళ్లే విడుదల చేసే ఏదో పదార్థం. దానికి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో ఆయనా, బ్రూస్ బ్యూట్లర్, సహచరులూ కలిసి అది అప్పటికే వేరే పేరుతో తెలిసిన పదార్థమేనని కనుగొన్నారు. గడ్డలను చంపుతుందని న్యూయార్క్‌లోనే మరో బృందం 1975లో వర్ణించిన ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, టిఎన్‌ఎఫ్.

క్రోన్స్ రోగి పేగు గోడలో పొంగి పొర్లేది ఈ టిఎన్‌ఎఫ్. అది మెదడులోని ఆకలి కేంద్రాలను అణచివేస్తుంది, కండను కరిగిస్తుంది. దానికి తోడు జింక్ తగ్గితే నాలుకకు రుచి పోతుంది. ఇష్టమైన పులుసు ముందు పెట్టినా ముద్ద మింగుడు పడని మనిషికి మొండితనం అంటగట్టడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది. టిఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్రోన్స్ వ్యాధికి ఆమోదించింది. మందు పనిచేసినవాళ్లలో ఆకలి తిరిగి రావడం చాలామంది చెప్పే మొదటి మార్పుల్లో ఒకటి. ఎవరూ బతిమాలకుండానే తింటారు.

వాపున్న పేగు ప్రోటీన్‌ను కారుస్తుంది కూడా. రక్తంలోంచి గోడ గుండా ఊరి మలంలో పోతుంది. ఇలాంటప్పుడు రక్తపరీక్షలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి ఉంటే అది పోషణ లోపానికే గుర్తని తీసుకుని ప్రోటీన్ పొడుల డబ్బాలు కొనేస్తారు. వాపు తగ్గే దాకా ఆ అంకె పెద్దగా కదలదు. జబ్బు రేగినప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరమని యూరప్ పోషణ నిపుణులు చెబుతున్నారు. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. గుడ్డు, చేప, పెరుగు, మెత్తగా ఉడికిన పెసరపప్పు ఇంత ఇవ్వగలవు, ఆకలి ఉంటే. కేలరీల విషయంలో ఆశ్చర్యమేమిటంటే క్రోన్స్ రోగి ఒళ్లు చాలాసార్లు ఆరోగ్యవంతుడంతే ఖర్చు పెడుతుంది. జ్వరం, చీము ఉంటే తప్ప మరీ ఎక్కువ కాదు. రెట్టింపు తినమనడానికి ఆధారం లేదు.

తిండే మందైన సందర్భం ఒకటుంది. 1984లో లండన్ వైద్యులు రేగిన క్రోన్స్ వ్యాధికి స్టెరాయిడ్‌కు బదులు ముందే విడగొట్టిన పోషకాల ద్రవం మాత్రమే ఇచ్చి, రెండింటినీ పోల్చారు. ద్రవం స్టెరాయిడ్‌కు తీసిపోలేదు. అంత విడగొట్టకపోయినా, పాల ప్రోటీన్‌తో చేసిన మామూలు పోషక ద్రవం కూడా అంతే పనిచేస్తుందని తర్వాత తేలింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు మరే తిండీ లేకుండా అది మాత్రమే. పిల్లల క్రోన్స్ వ్యాధికి యూరప్‌లో మొదటి వైద్యంగా చెప్పేది ఇదే. పదిమందిలో ఏడెనిమిది మంది పిల్లల్లో జబ్బు అణుగుతుంది, స్టెరాయిడ్‌తో రాని విధంగా పేగు పొర మానుతుంది, బరువూ వస్తుంది. ఈ వైద్యం మన ఇళ్లలో విఫలమయ్యేది రుచి వల్ల కొంత, ఖర్చు వల్ల కొంత, ఎక్కువగా ప్రేమ వల్ల. పిల్లాడు రెండు వారాలుగా అన్నం ముట్టలేదన్న బాధతో అమ్మమ్మ ఒక్క ముద్ద పెరుగన్నం పెడుతుంది. ఆవిడను తప్పుపట్టను. ఎనిమిది వారాలూ ఎందుకు ఏమీ పెట్టకూడదో డాక్టర్ తల్లిదండ్రులకే గాక ఆవిడకూ చెప్పాలి.

పేగు ఇరుకైనచోట సంగతి వేరు. అక్కడ కేలరీల కంటే పిప్పి సమస్య. జామగింజలు, మొక్కజొన్న, ములక్కాడ పిప్పి, పచ్చి కొబ్బరి ముక్కలు, నారింజ తొనల మీది పీచు ఇరుకు దగ్గర చిక్కుకుంటే తిన్న గంటా రెండు గంటలకు కడుపు మెలిపెడుతుంది. ఒకసారి అనుభవించినవాళ్లు భయంతో అన్నీ మానేస్తారు. ఆ భయం వల్ల పోయే కేలరీలే ఎక్కువ. తెల్లన్నం తినగలిగిన మనిషికి నేను ధైర్యం చెబుతాను: వరి పిండిపదార్థం చిన్నపేగులోనే దాదాపు పూర్తిగా అరుగుతుంది, వెనక మిగిల్చేది తక్కువ. మెత్తగా వండిన అన్నం, గింజ తీసి వడగట్టిన చారు, ఇడ్లీ, అరటిపండు, మెత్తగా రుబ్బిన పల్లీల ముద్ద, ఇవి కొద్దికొద్దిగా ఆరుసార్లు తింటే రెండుపూటల భోజనం కన్నా ఎక్కువే లోపలికి వెళుతుంది. పాలు పడకపోతే మన ప్రాంతంలో అది క్రోన్స్ తెచ్చిన కొత్త సమస్య అయి ఉండనక్కర్లేదు. దక్షిణ భారతంలో పెద్దవాళ్లలో చాలామందికి లాక్టోజ్ అరగదు, పెరుగు పడుతుంది.

పెద్దపేగును నీళ్లు పీల్చే గొట్టంగానే చూశారు చాలాకాలం. డెన్మార్క్ వైద్యులు 1994లో చేసిన పరిశోధన ఆ చూపు మార్చింది. పదేపదే ఆపరేషన్లయి చిన్నపేగు చాలా పొట్టిదైనా, పెద్దపేగు మిగిలిన రోగులకు పిండిపదార్థాలు ఎక్కువున్న ఆహారం ఇచ్చారు. చిన్నపేగు దాటి వచ్చిన పిండిపదార్థాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలుగా మారిస్తే, పేగు గోడ వాటిని పీల్చుకుంది. ఇలా రోజుకు కొన్ని వందల కేలరీలు తిరిగి దక్కాయి. పెద్దపేగు లేనివాళ్లకు ఈ ఫలం దక్కలేదు. అంటే ఒకే పొడవు చిన్నపేగు మిగిలిన ఇద్దరికి, పెద్దపేగు ఉందా లేదా అన్నదాన్నిబట్టి తిండి పట్టిక మారాలి. ఉన్నవాళ్లకు అన్నం ఎక్కువ, కొవ్వు తక్కువ. లేనివాళ్లకు కొవ్వు తగ్గించనక్కర్లేదు. ఉప్పు, గ్లూకోజ్ కలిపిన ద్రవం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే వాళ్లు ఉట్టి నీళ్లు ఎక్కువ తాగితే ఇంకా ఎండిపోతారు.

బరువు పెరిగిందన్న మాటను కూడా పూర్తిగా నమ్మకూడదు. స్టెరాయిడ్లు వేసుకున్న నెలలోనే కాటా మీద నాలుగు కిలోలు కనిపిస్తే ఇల్లంతా సంతోషిస్తుంది. బుగ్గలు ఉబ్బుతాయి, పొట్ట వస్తుంది, తొడలూ భుజాలూ మాత్రం సన్నబడుతూనే ఉంటాయి. చేరింది నీరూ కొవ్వూ, పోతున్నది కండ. మామూలు బరువున్న క్రోన్స్ రోగుల్లోనూ కండ తక్కువున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవగలుగుతున్నారా, సీసా మూత తిప్పగలుగుతున్నారా అన్నవి కాటా కన్నా మేలైన కొలమానాలు. జబ్బు అణిగాక ప్రోటీన్‌తో పాటు చిన్న బరువులు ఎత్తే వ్యాయామం లేకపోతే తిన్న కేలరీలు కొవ్వుగానే కూర్చుంటాయి.

మన దగ్గర మరో చిక్కు ఉంది. ఇలియమ్ చివర పుండ్లు, కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం, ఇవన్నీ పేగు క్షయలోనూ ఉంటాయి. కొలనోస్కోపీలో, ముక్క పరీక్షలో కూడా రెండూ కవలల్లా కనిపించవచ్చు. పొరపాటుకు మూల్యం పెద్దది: క్షయ ఉన్నవాళ్లకు టిఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇస్తే క్షయ ఒళ్లంతా పాకవచ్చు, క్రోన్స్ ఉన్నవాళ్లు క్షయ మందులు మింగుతూ నెలలు పోగొట్టుకుంటే పేగు ఇరుకైపోతుంది. తేల్చలేనప్పుడు భారతీయ వైద్యులు క్షయ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. ఇక్కడ బరువు మోసం చేయగలదు. క్షయ మందుల కాలంలో ఇంట్లో శ్రద్ధగా తినిపించడం వల్లే రెండు కిలోలు పెరగవచ్చు. పుండు మానడమే సాక్ష్యం. అందుకని ఆ రెండో కొలనోస్కోపీని, ఒంట్లో కాస్త బాగుందని, వాయిదా వేయకూడదు.

జబ్బు రేగిందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష హైదరాబాద్, విజయవాడ, విశాఖ ల్యాబుల్లో దొరుకుతోంది. బరువు తగ్గుతున్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్నకు అది జవాబిస్తుంది. ఎక్కువగా ఉంటే వాపును అణచాలి, తిండి దాని వెంట వస్తుంది. మామూలుగా ఉండి బరువు తగ్గుతుంటే మలంలో కొవ్వు, పైత్య లవణాలు, చిన్నపేగులో అతిగా పెరిగిన సూక్ష్మజీవులు, ఇరుకు, భయం, ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతకాలి.

పెద్దవాళ్లకు పోయిన బరువు ఆలస్యంగానైనా తిరిగి వస్తుంది. పిల్లల ఎత్తు అలా కాదు. క్రోన్స్ వ్యాధి ఉన్న పిల్లల్లో కొందరికి కడుపునొప్పి కన్నా ముందే ఎదుగుదల ఆగుతుంది. తరగతిలో పక్కవాళ్లు ఎదుగుతుంటే ఈ పిల్లాడి ప్యాంటు రెండేళ్లయినా పొట్టి కాదు. కేలరీలు తక్కువై కొంత, వాపు ఎదుగుదల హార్మోన్ పనికి అడ్డుపడి కొంత, స్టెరాయిడ్ల వల్ల కొంత. ఎముకల చివర ఎదిగే పొర యవ్వనం ముగిసేసరికి మూసుకుపోతుంది. అంతకు ముందే వాపు తగ్గితే, మందుతోనో, ద్రవాహారంతోనో, అవసరమైతే చెడిన ముక్క కోసి తీసో, పిల్లలు వెనకబడిన ఎత్తును వేగంగా అందుకుంటారు. మూసుకున్నాక ఎంత తిన్నా ఎత్తు పెరగదు. అందుకే బడి వయసు పిల్లల బరువు, ఎత్తు మూడు నెలలకోసారి ఎదుగుదల పటం మీద గుర్తు పెట్టించండి. గీత రెండుసార్లు వరసగా చదునుగా వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.